కారుకు మంచినీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే గారాబంగా పెరిగింది ఒక పాత కారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, మా చెల్లెలికి నాలుగు. మా ఇద్దరికీ కలిపి జరగనంత సేవ ఆ కారుకు జరిగేది. పొద్దున్నే తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, ముందు అద్దానికి బంతిపూల దండ, శుక్రవారం శుక్రవారం కొత్త నిమ్మకాయలు. దాని సంగతి తలచుకుంటే ఇన్నేళ్ల తరవాత కూడా నాకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది.

మాది పటాన్‌చెరు అవతల, కర్దనూర్ వైపు చిన్న ఊరు. చేన్ల మధ్య ఒకటొకటిగా పొగగొట్టాలు లేస్తున్న రోజులవి. మా చేను పక్కనే ఒక మందుల ఫ్యాక్టరీ వచ్చింది. దాని వెనక గోడకు ఒక తూము. అందులోంచి ఒకరోజు చాయ్ రంగులో, ఒకరోజు బెల్లం పాకం రంగులో నీళ్లు వచ్చి మా ఒర్రెలో, అంటే చిన్న వాగులో, కలిసేవి. ఒర్రె గట్టునే మా బావి. మా ఇంట్లో వంటకూ తాగడానికీ ఆ బావి నీళ్లే. వాడకట్టు వాళ్లందరూ కూడా అక్కడే చేదుకునేవాళ్లు.

మా పెద్దనాయన, అంటే మా నాన్నకు అన్న, ఊళ్లో పెద్దమనిషి. మా నాన్నకు ఆ ఫ్యాక్టరీలో పని పెట్టించింది ఆయనే. అక్కడి ఆఫీసర్లను తిప్పడానికి కిరాయికి కారు కావాలని తెలిసి, సంగారెడ్డిలో ఒక షావుకారు చాలా ఏళ్లు వాడి పక్కన పెట్టిన తెల్ల కారును తోలుకొచ్చిందీ ఆయనే. బావి నీళ్లు వాసన వస్తున్నాయని ఎవరైనా గొణిగితే మీసం మీద చెయ్యేసేవాడు. "మా తాత తాగిన బాయి. నేను తాగుతున్న బాయి. గా నీళ్లకు ఏమైంది?" అనేవాడు. అంత పెద్దమనిషి తాగుతుంటే మనదేముందని ఊరు నోరు మూసుకునేది.

ఆ నీళ్లకు ఏమైందో మా చెల్లెలి ఒళ్లు చూస్తే చాలు. మోకాళ్ల వెనక, మెడ మీద పుళ్లు. గోకి గోకి రక్తం తెచ్చుకునేది. తిన్నది కడుపులో నిలవదు. మా అమ్మ వేపాకు నూరి రాసేది, మొక్కులు మొక్కేది, చాటుగా ఏడ్చేది. పిల్లలు లేని మా పెద్దమ్మ చెల్లెలిని తన పక్కలోనే పడుకోబెట్టుకునేది. పిల్ల బతుకుతుందా అని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి మొహాల్లో అదే కనబడేది.

ఇక కారు. వచ్చిన నాలుగు నెలలు బాగానే తిరిగింది. తరవాత దానికీ రోగం పట్టుకుంది. పటాన్‌చెరు చేరకముందే ముందు భాగం నుంచి బుసబుసమని ఆవిరి. పెద్దనాయన ఆత్రంగా రేడియేటర్ మూత తిప్పబోయి మోచేతి దాకా కాల్చుకున్నాడు. దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టించాడు. రోడ్డు పక్క మెకానిక్ ఒకడు, వేడిని బట్టి నీళ్లు వదిలే బిళ్ల ఒకటి లోపల ఉంటుందట, అదే అడ్డం పడుతోందని దాన్ని పీకి పారేశాడు. ఇంకొకడు ఫ్యాన్ బెల్టు మార్చాడు. రేడియేటర్ అడుగున చెమ్మ కనిపిస్తే, మరో మహానుభావుడు పసుపు పొయ్యమన్నాడు. మా వైపు డ్రైవర్లకు ఇప్పటికీ ఈ పిచ్చి ఉంది. నీళ్లలో పసుపు పోస్తే ఉబ్బి చిల్లిని మూసేస్తుందట. పెద్దమ్మ ఏడాదికి సరిపడా దంచి పెట్టుకున్న పసుపు డబ్బా తెచ్చి, పెద్దనాయన తన చేత్తో సగం గుమ్మరించాడు. కారడం ఆగింది. మరగడం మాత్రం ఎక్కువైంది.

ఇంకొక్కసారి దారిలో ఆగితే వేరే కారు పెట్టుకుంటామని ఫ్యాక్టరీ వాళ్లు చెప్పేశారు. అప్పుడు గానీ పెద్దనాయనకు డిపో తాత గుర్తుకు రాలేదు. ఆయన మాకు దూరపు చుట్టం. సంగారెడ్డి బస్సుల డిపోలో ముప్పై ఏళ్లు ఇంజిన్లు విప్పి, బిగించి, రిటైరైన మనిషి. భుజానికి గుడ్డ సంచి తగిలించుకుని బస్సు దిగి వచ్చాడు. వస్తూనే బానెట్ ఎత్తుతాడనుకుంటే, అరుగు మీద కూర్చుని చాయ్ అడిగాడు.

చాయ్ తాగుతూనే అడగడం మొదలుపెట్టాడు. నిలబడి ఉన్నప్పుడు మరుగుతుందా, ఉరికేటప్పుడా? పొద్దున చల్లటి పూట కూడానా? ఎన్నిసార్లు నీళ్లు పోస్తున్నారు? ఏ నీళ్లు? పెద్దనాయన విసుగ్గా జవాబులు చెప్పాడు. ఉరికేటప్పుడే ఎక్కువ మరుగుతుందని వినగానే తాత తల ఊపి, అట్లయితే ఫ్యాన్ తప్పు కాదన్నాడు. కారు ఆగి ఉన్నప్పుడు ఫ్యానే గాలి కొట్టాలి, ఉరికేటప్పుడు ఎదురుగాలే చాలు, దానికీ చల్లారడం లేదంటే లోపల నీళ్లే తిరగడం లేదన్నమాట. ఇంజిన్ కాసేపు నడిపించి ఆపాడు. పైన ఉన్న రబ్బరు గొట్టాన్ని ముట్టి చటుక్కున చెయ్యి తీశాడు. అడుగు గొట్టాన్ని మాత్రం తీరిగ్గా పట్టుకున్నాడు. తరవాత రేడియేటర్ ముందు అరచెయ్యి ఆడిస్తూ నన్ను పిలిచి నా చెయ్యి కూడా పెట్టించాడు. ఒకచోట సెగ. జానెడు పక్కన చల్లన.

"చూసినవా బిడ్డా? చల్లగున్న కాడికి నీళ్లు వస్తలెవ్వు. దారులు పూడినయి" అన్నాడు.

బాగా చల్లారేదాకా మూత ముట్టనివ్వలేదు. ఆ తరవాత పెద్దమ్మ చేత తెల్ల పింగాణీ బేసిన్ తెప్పించి, రేడియేటర్ అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పాడు. ముందు ఏమీ రాలేదు. తీగతో పొడిచాడు. అప్పుడు ఒక ముద్ద జారింది. థూ! చెప్పాలంటేనే ఒళ్లు జలదరిస్తుంది. చీము రంగు జిగట, దానిలో తుప్పు పెళ్లలు, ఉబ్బిన పసుపు ఉండలు, వెనకాలే నల్లటి నీళ్లు. కుళ్లిన గుడ్డులో మందు బిళ్లలు నూరి కలిపితే ఎట్లుంటుందో ఆ కంపు. నేను గోడ పక్కకు పోయి కక్కుకున్నాను. తాత మాత్రం ఆ జిగటను రెండు వేళ్ల మధ్య తీసుకుని పిండిని చూసినట్టు నలిపి చూశాడు. చేతులు కడుక్కోవడానికి పెద్దమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. కడుక్కోబోయి ఆగి, చెంబును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బేసిన్ వాసన చూశాడు. మళ్లీ చెంబు వాసన చూశాడు.

"పసుపు పాపం నీది. తుప్పు పాపం నీ బాయిది. గీ నీళ్లు ఇనుమునే తింటున్నయి" అన్నాడు పెద్దనాయనతో. అప్పుడే మెడ గోక్కుంటూ వచ్చి నిలబడిన చెల్లెలిని కాసేపు చూశాడు. "పిల్ల ఏం తాగుతుంది?"

మా నాన్న కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాడు. పెద్దనాయన గట్టిగా దగ్గి, కారు ఎన్ని రోజుల్లో బాగవుతుందని అడిగాడు.

తాత రేడియేటర్ విప్పి సంగారెడ్డి తీసుకుపోయాడు. పైభాగం అతుకు విప్పి, సన్నటి ఊచలతో ఒక్కొక్క గొట్టాన్నీ పొడిచి శుభ్రం చేయించి, చిల్లులు మూయించి తెచ్చాడు. పీకి పారేసిన బిళ్ల చోట కొత్తది పెట్టాడు. ఇక మీద సంగారెడ్డి కుళాయిల్లో వచ్చే మంజీర నది నీళ్లు తప్ప వేరే నీళ్లు ముట్టనివ్వొద్దని, వారానికోసారి పాతవి వదిలేసి కొత్తవి నింపాలని చెప్పి బస్సెక్కాడు.

పెద్దనాయన ఆ మాటను వేదంలా పాటించాడు. ప్రతి సోమవారం సంగారెడ్డి పోయి, రెండు పెద్ద డబ్బాల నిండా మంజీర నీళ్లు పట్టుకుని, వెనక సీట్లో పెట్టుకుని తెచ్చేవాడు. తెచ్చి వసారాలో మూతలు బిగించి పెట్టేవాడు. కారుకు! మేమేమో ఆ బావి నీళ్లే తాగాలి. ఒకసారి మా అమ్మ ధైర్యం చేసి, పిల్లకన్నా ఆ నీళ్లు ఇద్దాం బావా అని అడిగింది. ఆయన గొంతు తగ్గించి చెప్పిన జవాబు నాకింకా చెవుల్లోనే ఉంది.

"డబ్బాలు వంటింట్లకు పోతే ఊరు చూడదా? మనమే తాగకుంటే ఊరు తాగుతదా? రేపు ఫ్యాక్టరోళ్లు నన్ను అడగరా? జెర సోయి ఉండాలె."

ఆయనకు తెలుసు. అదీ నాకు రోత పుట్టించేది. తెలియని మనిషైతే ఏదో అనుకుందుము. బేసిన్ చూశాక కూడా, కారు కిరాయి పోతుందని, పరువు పోతుందని, ఇంటి పిల్ల చేత ఆ విషం తాగించాడు.

ఒక మధ్యాహ్నం చెల్లెలికి జ్వరం. నీళ్లు నీళ్లు అని కలవరిస్తోంది. కుండలో నీళ్లు ఇస్తే మూతి తిప్పేసుకుంది. నేను వసారాలోకి పోయి, డబ్బా మూత తీసి ఒక గ్లాసు ముంచాను. వెనక నుంచి పెద్దనాయన నా చెయ్యి పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "మూతి పెట్టలే గద?" అని అడిగాడు. లేదన్నాను. గ్లాసు తీసుకుని, ఒక్క చుక్క కింద పడకుండా నీళ్లను మళ్లీ డబ్బాలో పోసి మూత బిగించాడు. కారు తాగే నీళ్లు ఎంగిలి కాకూడదట. వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతున్న మా పెద్దమ్మ అదంతా చూసింది. చేటలో బియ్యం చాలాసేపు అట్లాగే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున పెద్దమ్మ, ఇకనుంచి కారుకు నీళ్లు పోసే పని తనదేనని చెప్పింది. తెల్ల ధోతి మీద తుప్పు మరకలు పడితే ఉతకలేక చస్తున్నానంది. కారుకు కుంకుమ బొట్టు కూడా పెట్టింది. పెళ్లానికి ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందని పెద్దనాయన పొంగిపోయాడు.

సోమవారం డబ్బాలు వచ్చాయి. ఆయన చేను వైపు పోగానే పెద్దమ్మ నన్ను పిలిచి, నోటి మీద వేలు పెట్టి చూపించింది. గింజల గదిలో ఒక కొత్త కడవ, కొత్త బిందె కడిగి పెట్టి ఉన్నాయి. మంజీర నీళ్లు వాటిలోకి పోయాయి. ఖాళీ డబ్బాలు బావి నీళ్లతో నిండాయి. తాత చెప్పినట్టే రేడియేటర్ కుళాయి తిప్పి పాత నీళ్లు వదిలేసింది. నేను గరాటు పట్టుకుంటే, డబ్బాలోని బావి నీళ్లు తాపీగా పోసింది. చెల్లెలికి ఆ రోజు నుంచి తాగడానికీ, అన్నం వండడానికీ, పుళ్లు కడగడానికీ గింజల గది నీళ్లే.

ప్రతి వారం అదే పని. మొదటి రెండు వారాలు ఏమీ తేడా కనబడలేదు. మూడో వారం చెల్లెలు రొట్టె అడిగింది. నెల దాటేసరికి మెడ మీద పుళ్లు పక్కులు కట్టి రాలిపోయాయి. ఆటలకు వచ్చింది, నా జుట్టు పట్టి గుంజింది. అది గుంజితే నాకు ఏడుపు వచ్చింది, నొప్పికి కాదు.

పెద్దనాయన ఊరుకుంటాడా? ఒక సాయంత్రం చెల్లెలిని ఎత్తుకుని వాడకట్టు మధ్య నిలబడ్డాడు. "చూడుండ్రి. బాయి నీళ్లతోని రోగమొచ్చిందంటిరి. పిల్ల గా నీళ్లే తాగి గిట్ల బంగారం లెక్క అయింది. ఇగ నోళ్లు మూసుకోండ్రి" అన్నాడు. ఎదురింటి చిన్నమ్మ తన కొడుకును చంకలో వేసుకుని వింటోంది. వాడి కాళ్ల నిండా పుళ్లు. నిజమే కావచ్చన్నట్టు తల ఊపి, బిందె తీసుకుని బావి వైపు పోయింది. పెద్దమ్మా నేనూ అక్కడే ఉన్నాం. మేమిద్దరం కూడా నోరు మెదపలేదు. ఒక్క మాట బయటికి వస్తే గింజల గదిలో కడవ ఉండదని భయం. భయమో, స్వార్థమో. పెద్దనాయన మీద నాకున్న అసహ్యంలో సగం నా మీద కూడా ఉండాల్సిందని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రెండు నెలలు దాటాక, ఎండలు ముదిరిన రోజుల్లో, ఫ్యాక్టరీ పెద్ద ఆఫీసరు ఎక్కి ఉండగా కారు నడిరోడ్డు మీద మరిగింది. ఆయన లారీ ఆపుకుని వెళ్లిపోయాడట. కారును ట్రాక్టరుకు కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారు. డిపో తాతకు కబురు పోయింది. ఆయన వచ్చేసరికి వాడకట్టంతా మా వాకిట్లోనే ఉంది. పెద్దనాయన తాత మీద విరుచుకుపడ్డాడు. నీ పనితనం ఇంతేనా, నువ్వు చెప్పినట్టే మంజీర నీళ్లు పోసినం, మా ఇంటామె తన చేతులతోని పోసింది అని అరిచాడు.

తాత బేసిన్ అడిగాడు. కుళాయి తిప్పాడు. మళ్లీ అదే. పసుపు ఒక్కటే లేదు, మిగతాదంతా అదే కంపు, అదే జిగట. కొందరు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు.

"గివి మంజీర నీళ్లు కావు" అన్నాడు తాత.

పెద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. పదిమందిలో ఆమె గొంతు ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా ఎత్తలేదు. మామూలుగానే చెప్పింది.

"నేనే పోసిన. బాయి నీళ్లు కారుకు పోసిన, మంజీర నీళ్లు పిల్లకు తాగిపిచ్చిన."

పెద్దనాయన చెయ్యి లేచింది. ఆమె కదలలేదు.

"కొడితే కొట్టు. పిల్లలు తాగే నీళ్లేనాయె. కారుకు పోస్తే ఏమైంది?"

లేచిన చెయ్యి అట్లాగే ఉండిపోయి, మెల్లగా దిగింది. వాకిట్లో అందరూ ఒకసారి బేసిన్‌ను చూశారు, ఒకసారి చెల్లెలిని చూశారు. ఎదురింటి చిన్నమ్మ గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయింది. నిండు బిందె తెచ్చి, పెద్దనాయన కాళ్ల ముందు బోర్లించింది. ఇంకొకామె కడవ తెచ్చింది. ఇంకొకామె. ఎవరూ తిట్టలేదు, అరవలేదు. కుండలు వస్తున్నాయి, ఒలుకుతున్నాయి. వాకిలి బురదైంది. ఆయన తెల్ల ధోతి అంచు తడిసి కాళ్లకు అంటుకుంది. ఇన్నాళ్లూ ఇంటింటికీ విడివిడిగా ఉన్న ఆ వాసన ఒక్కచోట లేచేసరికి, అప్పుడు అర్థమైంది మేమంతా ఏం తాగుతున్నామో.

చివరికి ఎదురింటి చిన్నమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని పెద్దమ్మ ముందు నిలబడింది.

"నీకు ఎరికే గదా అక్కా. రెండు నెల్లు. మాకొక్క మాట చెప్పకపోతివి" అంది.

పెద్దనాయన చెయ్యికి బెదరని మా పెద్దమ్మ ఆ మాటకు అరుగు మీద కూలబడిపోయింది. నేను స్తంభం వెనక్కి జరిగి దాక్కున్నాను.

కిరాయి పోయింది. పెద్దనాయన ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకోలేదు, చచ్చేదాకా ఒప్పుకోలేదు. కానీ తాత కారు మళ్లీ బాగుచేసిన రోజున పెద్దమ్మ వెనక సీటు పీకించి, దొరికిన డబ్బాలన్నీ అందులో ఎక్కించింది. "నడువు" అంది. ఆయన నడిపాడు. ఊరికి టాంకర్లు వచ్చేదాకా, దాదాపు ఏడాది, రోజు విడిచి రోజు ఆ కారు సంగారెడ్డి నుంచి వాడకట్టుకు నీళ్లు మోసింది. మొదటి డబ్బా ఎదురింటి గడప ముందు దించి వచ్చేది పెద్దమ్మ. పిల్లవాడి కాళ్లు మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఇప్పుడు నేను ఇంద్రేశంలో కొత్త లేఅవుట్‌లో ఉంటున్నాను. మొన్న ఎండాకాలం మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేయించాం. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు మా గేటు పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నారు. వాళ్ల కోసం బోరు నీళ్లు డ్రమ్ములో పట్టించాను. మా వంటింట్లో క్యాన్ నీళ్లు. ఇందులో ఏదో తేడా ఉందని నాకు తట్టనే లేదు, చూడండి. ఒకరోజు ఐదేళ్ల ఆడపిల్ల ఖాళీ సీసా పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నా వెనక కనబడుతున్న క్యాన్ వైపు చూపించింది. నేను డ్రమ్ము వైపు చెయ్యి చూపిస్తూ, "గా నీళ్లకు ఏమైంది బిడ్డా, బాగనే ఉంటయి" అన్నాను.

అన్నాక విన్నాను. నా నోట్లోంచి వచ్చింది మా పెద్దనాయన.

నా మీద నాకే ఎంత రోత కలిగిందో చెప్పలేను. డ్రమ్ము దగ్గరకు పోయి ఒక గ్లాసు ముంచుకుని, ఆ పిల్ల చూస్తుండగానే నోట్లో పోసుకున్నాను. ఉప్పన, చేదు, తుప్పు. మింగలేకపోయాను, అక్కడే ఉమ్మేశాను. ఆ పిల్ల నవ్వింది.

ఆ రోజే క్యాన్‌ను వంటింట్లోంచి తెచ్చి గేటు దగ్గర బల్ల మీద పెట్టించాను. మేస్త్రీలు, కూలీలు, వాళ్ల పిల్లలు, మేము, అందరం అక్కడే పట్టుకుంటాం. ఇంట్లోకి వేరే క్యాన్ రానివ్వను. గ్లాసు నీళ్ల కోసం ఎండలో గేటు దాకా నడవాలా అని మా కోడలు రోజూ సణుగుతుంది. సణగనీ. నడవనీ.